పెద్ద బూరాయన పక్కన నిలబడి

మా ఇంట్లో ఎవరైనా పాత పాట పెడితే అందరూ పల్లవి ఎప్పుడొస్తుందా అని చూస్తారు, నేను మాత్రం పల్లవి అయిపోయి చరణం ఎత్తుకునే లోపు వచ్చే ఆ ముప్పై నలభై సెకన్ల వాయిద్యాల కోసం చూస్తాను. ఎప్పట్నుంచో ఇంతే. సాహిత్యం అడిగితే తడబడతాను, ఏ పాటకూ రెండో చరణం పూర్తిగా రాదు. కానీ వయొలిన్లు ఎక్కడ ఆగుతాయో, ఫ్లూట్ ఎక్కడ అందుకుంటుందో, అంతసేపూ కింద బేస్ గిటార్ ఏం చేస్తోందో నోటితో వాయించి చూపిస్తాను. మా ఆవిడ దీన్ని పిచ్చి కిందే జమకట్టింది.

ఈ రుచి ఎట్లా పట్టుకుందో రాద్దామని చాలా రోజులుగా అనుకుంటున్నా. పాలమూరు జిల్లా బాదేపల్లిలో పల్లికాయల అడ్తి దుకాణంలో గుమాస్తా కొడుక్కి సింఫనీలతో, అంటే పెద్ద ఆర్కెస్ట్రాలు వాయించే పడమటి సంగీతంతో ఏం పని అని మీరు అడగొచ్చు. మా నాయిన కూడా అడిగాడు, కాకపోతే ఆయన అడిగింది సింఫనీల గురించి కాదు, రేడియో గురించి.

మా ఇంట్లో మర్ఫీ రేడియో ఉండేది. పొద్దున స్టేషన్ తెరుచుకునే ముందు ఆకాశవాణి సిగ్నేచర్ ట్యూన్ వచ్చేది కదా, కింద తంబురా, పైన ఆ వయొలిన్, అది నేను విన్న మొదటి వాయిద్య సంగీతం. మా వయసు వాళ్లందరికీ అంతే అనుకుంటా. వార్తల కంటే ముందు లేచి అది వినేవాణ్ణి. దాన్ని కట్టినవాడు వాల్టర్ కాఫ్‌మన్ అనే యూదుడని, యూరప్‌లో హిట్లర్ గాలి ముదురుతుంటే 1934లో బొంబాయి చేరి తర్వాత అక్కడి రేడియోలో సంగీతం చూసుకున్నాడని నాకు నలభై ఏళ్లు దాటాక గానీ తెలియలేదు. వయొలిన్ వాయించింది మెహ్లీ మెహతా అంటారు, అంటే పెద్ద పెద్ద ఆర్కెస్ట్రాలను నడిపించే జుబిన్ మెహతా తండ్రి. 1935లో బొంబాయి సింఫనీ ఆర్కెస్ట్రా పెట్టింది కూడా ఆయనే. ఎక్కడో చెక్ దేశంలో పుట్టి, ఊరు విడిచి వచ్చినవాడు శివరంజని ఛాయలో నాలుగు స్వరాలు కడితే వాటితో బాదేపల్లిలో మా అమ్మ పొయ్యి ముట్టించేది.

రేడియోలో ఇంకోటి ఉండేది, వాద్య బృందం. ఒక కార్యక్రమం ముందే అయిపోయి రెండోది మొదలయ్యే దాకా ఖాళీ మిగిలితే దాన్ని వేసేవాళ్లు. సితార్లు, వేణువులు, వయొలిన్లు, జలతరంగిణి అన్నీ కలిసి వాయించేవి. 1952లో ఢిల్లీ ఆకాశవాణిలో ఈ వాద్య బృందాన్ని మొదలుపెట్టినప్పుడు రవిశంకర్, టి.కె. జయరామ అయ్యర్ లాంటి వాళ్లు దాన్ని నడిపించారట. మాకు అవేమీ తెలియవు, అది ఖాళీ పూడ్చే సంగీతం, అంతే. చాలామంది అప్పుడే లేచి చాయ్ పెట్టుకోవడానికి పోయేవాళ్లు. నేను రేడియోకు చెవి ఆనించి కూర్చుంటే మా నాయిన, "పాట లేదు, పద్యం లేదు, ఏమింటున్నవ్‌రా?" అనేవాడు. ఏం చెప్పాలో తెలిసేది కాదు. అంతమంది ఒకేసారి వాయిస్తూ కూడా ఒకరికొకరు అడ్డం రాకపోవడం నాకు వింతగా ఉండేది. ఇంట్లో మేం నలుగురం ఒకేసారి మాట్లాడితే ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు మరి.

అయితే ఆ రేడియోకు అరచేయంత స్పీకరు. అందులో పైస్వరాలే వస్తాయి. కింద మోగే పెద్ద వాయిద్యాలు ఉన్నాయన్న సంగతే నాకు తెలియదు. అది తెలిసింది బ్యాండు మేళం దగ్గర.

మా రైల్వే గేటు దగ్గర ఒక బ్యాండు వాళ్ల ఇల్లు ఉండేది. పెళ్లిళ్ల సీజన్ ముందు మధ్యాహ్నం పూట వరండాలో కూర్చుని ప్రాక్టీసు చేసేవాళ్లు. మాస్టర్ది క్లారినెట్. రెండు ట్రంపెట్లు, ఒక సాక్సాఫోన్, సైడ్ డ్రమ్ము, పొట్టకు కట్టుకునే పెద్ద డ్రమ్ము, వీటన్నిటి వెనక గోడకానుకుని పెద్ద బూర పట్టుకున్న ఒకాయన. దాని అసలు పేరు యూఫోనియం అని తర్వాత తెలిసింది. అప్పుడు మాకది పెద్ద బూర, ఆయన పెద్ద బూరాయన. మాస్టర్ దగ్గర పొడుగు నోటుబుక్కు ఉండేది, అందులో పాటలన్నీ తెలుగులో సరిగమలుగా రాసుకునేవాడు. కొత్త సినిమా వస్తే బస్టాండు దగ్గర హోటల్లో చాయ్ మీద చాయ్ తాగుతూ కూర్చుని, అక్కడ వేసే రికార్డు విని విని రాసుకొచ్చేవాడు. ఎవరి వాయిద్యానికి ఏ ముక్క ఇవ్వాలో ఆయనే తేల్చేవాడు. అరేంజర్ అంటే ఎవరని ఇప్పుడెవరైనా అడిగితే నాకు ముందు ఆయనే కళ్ల ముందు కనబడతాడు.

బరాత్ రాత్రుళ్లు మరీ బాగుండేవి. రెండు వైపులా పెట్రోమాక్స్ లైట్లు నెత్తిన పెట్టుకుని నడిచే మనుషులు, మధ్యలో బ్యాండు, ముందర పెళ్లికొడుకు దోస్తుల డ్యాన్సులు. పిల్లలందరూ డ్యాన్సుల దగ్గరికి ఉరికితే నేను వెనక పెద్ద బూరాయన పక్కన నడిచేవాణ్ణి. ఆయన ఎప్పుడూ పాట వాయించడు. బూం, బూం అని రెండు మూడు స్వరాలే, కానీ పాట మలుపు తిరిగే ముందు ఆ స్వరం మారేది. ముందు ఆయన మారేవాడు, తర్వాత పాట మారేది. ఆయన పక్కన నిలబడితే తెలిసిన పాటే వేరేగా వినబడేది. మధ్యలో ఆయన చెమట తుడుచుకోవడానికి ఆగితే బ్యాండు మొత్తం సన్నబడిపోయేది, ట్రంపెట్లు ఎంత గట్టిగా ఊదుతున్నా సరే. డ్యాన్సు చేసేవాళ్లకు కూడా ఏదో తక్కువైందని తెలిసేదేమో, కాళ్లు కొంచెం మెల్లబడేవి.

ఒకసారి ఆయనే అడిగాడు, "ఏం బిడ్డా, గీడ్నే నిలబడ్డవ్? డ్యాన్సులు ముంగటున్నయ్ కదా."

"నీది విందామని."

"నాది ఇనేటోనివి నువ్వొక్కనివే" అని నవ్వి, ఆ రాత్రి నాకోసం ఏవో రెండు స్వరాలు ఎక్కువ ఊదాడు. క్లారినెట్ మాస్టర్ వెనక్కి తిరిగి ఉరిమి చూశాడు.

ఆ రోజుల్లో ప్రతి బరాత్‌లో ఆంథోనీ పాట ఉండాల్సిందే, 1977లో వచ్చిన హిందీ సినిమా 'అమర్ అక్బర్ ఆంథోనీ'లోది, 'మై నేమ్ ఈజ్ ఆంథోనీ గొన్సాల్వెస్' అని. పెళ్లికొడుకు ఎవరైనా, ఏ కులమైనా, ఆ పాట వాయించకపోతే దోస్తులు బ్యాండును ముందుకు కదలనిచ్చేవాళ్లు కాదు. ఆ ఆంథోనీ గొన్సాల్వెస్ నిజంగా ఉన్న మనిషి అని, గోవా నుంచి వచ్చిన వయొలిన్ విద్వాంసుడని, బొంబాయిలో ఆ పాట కట్టిన ఇద్దరిలో ఒకడైన ప్యారేలాల్‌కు వయొలిన్ నేర్పాడని, 1958లో సొంతంగా ఇండియన్ సింఫనీ ఆర్కెస్ట్రా అని ఒకటి పెట్టాడని, శిష్యుడు గురువు పేరును ఆ పాటలో పెట్టాడని చదివినప్పుడు చాలాసేపు నవ్వుకున్నా. బాదేపల్లి గల్లీల్లో ఒక సింఫనీ మాస్టారి పేరు మీద అంతమంది చిందులేశారు, ఒక్కరికీ తెలియదు.

తర్వాత క్యాసెట్ల కాలం. మా అక్క మొగుడు, మా బావ, అప్పటికే బొంబాయిలో మేస్త్రీ పనిలో ఉన్నాడు. మా దిక్కు కరువుకు బొంబాయి బస్సెక్కని ఇల్లు లేదు. ఆయన ఒక దసరాకు వస్తూ నేషనల్ పానసోనిక్ టూ-ఇన్-వన్, దానితో పాటు ఒక హెడ్‌ఫోన్ తెచ్చాడు. అక్క కోసం తెచ్చాడు గానీ అది నా దగ్గరే ఉండిపోయింది. మొదటిసారి స్టీరియో అంటే ఏంటో తెలిసింది. వయొలిన్లు ఎడమ చెవిలో, గిటార్ కుడి చెవిలో, పాడే మనిషి సరిగ్గా నడి నెత్తిలో!

ఒకరోజు హెడ్‌ఫోన్ పిన్ను సరిగ్గా దిగలేదు. పాట మాయమైపోయింది. పాడేవాళ్ల గొంతు ఎక్కడో బావిలో ఉన్నట్టు వినబడుతూ, వాయిద్యాలు మాత్రం ముందుకొచ్చేశాయి. ఇంకెవరైనా అయితే పిన్ను సరిచేసేవాళ్లు. నేను దాన్ని అట్లాగే పట్టుకుని క్యాసెట్ మొత్తం విన్నా. రెండు వైపులా సమానంగా ఉండే గొంతు ఒకదాన్నొకటి కొట్టేసుకుని పోతుందని, తేడాగా ఉన్న వాయిద్యాలే మిగులుతాయని, పిన్నులో ఎర్త్ తీగ తగలకపోతే అట్లా అవుతుందని కరెంటు ఆఫీసులో చేరాక ఒక ఇంజనీరు సారు చెప్పాడు. అప్పుడు మాత్రం అది దేవుడిచ్చిన వరమే. అప్పటిదాకా ఎన్నడూ వినని రెండో వయొలిన్ల వరస, గొంతు వెనక దాక్కున్న చిన్న ఫ్లూట్ ముక్క, అన్నీ బయటపడ్డాయి. ఎన్ని క్యాసెట్లను సగం పిన్నుతో విన్నానో చెప్పలేను. ఒక్కటే ఇబ్బంది, మాకు కరెంటు కోతలు ఎక్కువ, సెల్లులతో నడపాలి, సెల్లులు అయిపోవస్తుంటే టేపు మెల్లబడి వయొలిన్లు చెలోలుగా, అంటే కింది స్వరాల పెద్ద వయొలిన్లుగా, చెలోలు ఇంకేదోగా మారిపోయేవి.

మహబూబ్‌నగర్‌లో గడియారం దగ్గర ఒక రికార్డింగ్ సెంటర్ ఉండేది, ఖాళీ క్యాసెట్టు, పాటల లిస్టు ఇచ్చి వస్తే వారంలో నింపి ఇచ్చేవాళ్లు. నేను ఒకసారి పాటలు వద్దు, మధ్యలో వాయిద్యాల ముక్కలు మాత్రమే వరుసగా ఎక్కించమని లిస్టు రాసిచ్చా. ఆ షాపాయన లిస్టు చూసి, నన్ను చూసి, "అన్నా, గిట్ల బటన్లు ఒత్తుకుంట కూసుంటే మిషన్ ఖరాబైతది" అని వెనక్కిచ్చేశాడు. అదే షాపులో 1986లో వచ్చిన ఇళయరాజా 'హౌ టు నేమ్ ఇట్' క్యాసెట్ దొరికింది. మొత్తం వాయిద్యాలే, పాట లేదు! వి.ఎస్. నరసింహన్ వయొలిన్. త్యాగరాజుకూ, జర్మనీ స్వరకర్త బాఖ్‌కూ అంకితమిచ్చారు దాన్ని. నా లాంటి పిచ్చి వాళ్లు ఇంకా ఉన్నారని, వాళ్లకోసం క్యాసెట్లు కూడా వేస్తారని అప్పుడు ధైర్యం వచ్చింది.

అప్పట్లో మద్రాసులో పాట రికార్డింగ్ ఎట్లా జరిగేదో పత్రికల్లో వచ్చేది, దొరికినదల్లా చదివేవాణ్ణి. హాలు నిండా వాయిద్యాల వాళ్లు, గాజు గదిలో గాయకులు, అందరూ కలిసి ఒకేసారి. చివర్లో ఎవరో ఒక వయొలిన్ తప్పితే మళ్లీ మొదట్నుంచి అందరూ వాయించాలి. ఒక్కొక్కరి ముందు వాళ్ల ముక్క రాసిన కాగితమే ఉంటుంది, పక్కవాడిది ఉండదు. బేస్ గిటార్ వాయించేవాడు పాట ఏ సినిమాదో తెలియకుండానే ఇంటికి పోవచ్చు. ఇప్పుడు ఎవరిది వాళ్లు వేరే వేరే రోజుల్లో వాయించి పంపిస్తారు, కంప్యూటర్లో అతికిస్తారు. ఇందులో తప్పేమీ లేదు, బాగా చేసేవాళ్లు చేస్తున్నారు, కానీ నలభై మంది ఒక తప్పు జరగకూడదన్న టెన్షన్‌లో ఒకేసారి ఊపిరి బిగబట్టి వాయించినప్పుడు వచ్చే బిగువు వేరు. అది నాకు పాత పాటల్లో వినబడుతుంది. ఊహ అంటే ఊహే అనుకోండి.

పడమటి సంగీతం దగ్గరికి పోయింది మాత్రం హైదరాబాద్ ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద. ఆదివారం పాత పుస్తకాల కోసం పోయేవాళ్లం, గౌలిగూడలో బస్సు దిగి కోఠి మీదుగా నడుచుకుంటూ. పుస్తకాల మధ్య ఒక క్యాసెట్ల కుప్పలో బీథోవెన్ ఐదో సింఫనీ దొరికింది. ఇంటికొచ్చి విన్నా. నచ్చలేదు. మొదట ఆ నాలుగు దెబ్బలు బాగున్నాయి, ఎప్పుడో ఎక్కడో విన్నవే. ఆ తర్వాత పల్లవి ఎక్కడుందో, చరణం ఎక్కడుందో తెలియలేదు. నాకు పాట అవసరం లేదని ఇన్నాళ్లూ గొప్పలు పోయాను గానీ, ఇంటర్‌లూడ్ ఎంతసేపున్నా మళ్లీ పాట వస్తుందన్న భరోసా లోపల ఉండేదన్న మాట. ఇక్కడ ఆ భరోసా లేదు, అరగంట పైన ఇంటర్‌లూడే.

కొన్ని నెలలు పక్కన పడేశా. మళ్లీ ఒక వానాకాలం రాత్రి, కరెంటు లేదు, చేసేందుకు ఏమీ లేదు, పెట్టుకున్నా. ఆ నాలుగు స్వరాల ముక్కే అంతటా తిరుగుతోందని అప్పుడు పట్టుబడింది. ఒకసారి హార్న్‌లలో, ఒకసారి కింద బేస్‌లలో గొణుగుతున్నట్టు, మూడో భాగంలో వేషం మార్చుకుని. అది 1808 డిసెంబర్ 22న వియన్నాలో మొదటిసారి వాయించినప్పుడు నాలుగు గంటల కచేరీ అట, హాల్లో గడ్డకట్టే చలి, ఆర్కెస్ట్రాకు సరిగ్గా రిహార్సల్ లేదు. అందులోనే ఆరో సింఫనీ కూడా మొదటిసారి వాయించారు. ఆ చలిలో కూర్చున్న వాళ్లలో ఎంతమందికి నచ్చిందో మరి, నాకైతే మొదటిసారి వెచ్చటి గదిలో కూర్చుని విన్నా నచ్చలేదు.

అక్కడి నుంచి ఆగలేదు. తొమ్మిదో సింఫనీ గంటకు పైన ఉంటుంది, నా క్యాసెట్లో సరిగ్గా ఆ నెమ్మదైన మూడో భాగం మధ్యలో టేపు టప్పున ఆగిపోయేది, లేచి తిరగేసుకోవాలి. ఎంత అలవాటైందంటే, తర్వాత సీడీలో ఆగకుండా పోతుంటే ఆ చోటికి రాగానే నా చెయ్యి లేచేది. సీడీకి 74 నిమిషాలు పెట్టింది ఆ సింఫనీ పట్టడానికే అని ఒక కథ చెప్పుకుంటారు, నాకు ఆ కథంటే ఇష్టం.

ఫ్రాన్స్ స్వరకర్త రావెల్ కట్టిన బొలేరో మాత్రం మొదటిసారికే ఎక్కింది. 1928 నాటిది, పావుగంట. ఒక చిన్న డ్రమ్ము మొదట్నుంచి చివరిదాకా ఒకటే దరువు, 169 సార్లు, మార్పు లేకుండా. దాని మీద ఒక్కో వాయిద్యం వచ్చి చేరుతూ పోతుంది. కురుమూర్తి జాతరలో డప్పుల వెంట నడిచినవాడికి దీన్ని ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. దరువు మారదు, జనం పెరుగుతారు, మోత పెరుగుతుంది, చివరికి ఎవరు ఆపారో తెలియకుండా ఆగుతుంది. మా నాయిన అది విని మొదటిసారి "మంచిగుంది" అన్నాడు. తర్వాత, "ఆ దరువు కొట్టేటోనికి చేతులు గుంజుతయ్" అన్నాడు. అక్షరాలా నిజం, ఆ డ్రమ్ము వాయించేవాళ్లకు అదే పెద్ద పరీక్ష.

ఇక ఊళ్లో లైవ్ అంటే వినాయక చవితి ఆర్కెస్ట్రాలే. తొంభైల దాకా అవి నిజంగా బాగుండేవి. హైదరాబాద్ నుంచో కర్నూలు నుంచో పార్టీని పిలిపించేవాళ్లు, వ్యానులో అకార్డియన్, కాంగోలు, బాంగోలు, జాజ్ డ్రమ్స్, ఒక సాక్సాఫోన్ దిగేవి. సామాను దింపే దగ్గర్నుంచి నేను అక్కడే. ఎకో మీద ఎకో పెట్టి "హలో మైక్ టెస్టింగ్" అనే గంటసేపు కూడా నాకు కచేరీయే. స్టేజీ పక్కన, డ్రమ్మర్ కనబడే చోట కూర్చునేవాణ్ణి. పాడేవాళ్లు పదం మరిచిపోయి జనం వైపు మైకు చాపితే, అకార్డియన్ వాయించేవాడు కనుసైగతో మిగతావాళ్లను ఇంకో రౌండు తిప్పేవాడు, జనానికి అసలు తెలిసేదే కాదు. తర్వాత కీబోర్డు ఒకటి, ప్యాడ్ ఒకటి వచ్చి ఆ పది మంది పని ఇద్దరు చేయడం మొదలైంది. ఆ తర్వాత ప్యాడ్ కూడా పోయి ట్రాక్ వచ్చింది, పెన్‌డ్రైవ్ గుచ్చి పాడటమే. చందాలు తక్కువ, ఖర్చు ఎక్కువ అంటారు. మండపం లైటింగుకు పెట్టే డబ్బులు చూస్తే మాత్రం ఆ మాట నమ్మబుద్ధి కాదు.

2013 సెప్టెంబర్‌లో జుబిన్ మెహతా బవేరియన్ ఆర్కెస్ట్రాతో శ్రీనగర్ షాలిమార్ బాగ్‌లో వాయిస్తే దూరదర్శన్‌లో చూశాను. కాశ్మీరీ వాయిద్యాల వాళ్లు కూడా వాళ్లతో కలిసి వాయించారు. ఆ రోజే అనుకున్నా, చచ్చేలోపు ఒక్కసారైనా ఆ ఎనభై మంది ముందు మైకు లేకుండా కూర్చోవాలని.

దానికి బొంబాయే పోవాలి. అక్కడ నారిమన్ పాయింట్‌లో ఎన్‌సీపీఏ అని సంగీత, నాటక కళల కేంద్రం ఉంది, 2006 నుంచి సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా అక్కడే. కజకిస్తాన్‌కు చెందిన మరాత్ బిసెన్‌గలియేవ్ అనే వయొలిన్ విద్వాంసుడు దాన్ని నిలబెట్టిన వాళ్లలో ఒకడు. ఏటా ఫిబ్రవరి, సెప్టెంబర్ నెలల్లో సీజన్. రిటైరైన తర్వాత ఒక సెప్టెంబర్లో పోయాను. ఉండటానికి ఎట్లాగూ వర్లీలో బావ ఇల్లు ఉంది. బావకు టికెట్టు ఎందుకులే అనుకుని, మళ్లీ మనసొప్పక రెండు తీసుకున్నా. ఆయన జీవితమంతా ఆ ఊళ్లో గోడలు కట్టాడు, మన దిక్కు కూలీలు, కామాటీలు అక్కడికి పోబట్టే కామాఠీపురాకు ఆ పేరు వచ్చింది, కానీ కట్టిన ఇళ్లలో ఎన్నింటి లోపలికి మళ్లీ అడుగుపెట్టాడో. తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. గేటు దగ్గర ఇద్దరికీ టెన్షనే, ఎవరైనా ఆపుతారేమోనని. ఎవరూ ఆపలేదు. లోపలికి పోతూ బావ గోడ మీద చెయ్యి వేసి, రాయి అంచులు చూసి, తల ఊపాడు.

స్టేజీ మీద అందరూ కూర్చున్నాక ఓబో అనే సన్నటి ఊదే వాయిద్యం ఒక స్వరం పట్టింది, మిగతావాళ్లు దాన్నందుకున్నారు.

"షురూ అయిందా?"

"కాలే బావా, సుతి చూసుకుంటున్నరు."

కండక్టర్ వచ్చాడు. చప్పట్లు. బావ నా చెవిలో, "గీన ఏం వాయించడా?" అన్నాడు.

"వాయించడు. నడిపిస్తడు."

"మేస్త్రీ."

నాలుగు పుస్తకాలు చదివినా నాకు ఇంత సులువుగా అర్థం కాలేదు కండక్టర్ అంటే.

ఆ రోజు చివర్లో డ్వోర్జాక్ తొమ్మిదో సింఫనీ, 'న్యూ వరల్డ్' అనేది. ఆయనది బొహీమియాలో ఒక పల్లె, నాన్న కసాయి, సత్రం కూడా నడిపేవాడు. 1892లో ఉద్యోగం కోసం అమెరికా పోయి, మరుసటి ఏడు న్యూయార్క్‌లో దీన్ని రాశాడు. నేను దీన్ని రికార్డులో ఎన్నిసార్లు విన్నానో, ప్రతి మలుపూ తెలుసు అనుకుని కూర్చున్నా. మొదటి నిమిషంలోనే ఆ ధీమా పోయింది. చెలోలు మెల్లగా మొదలుపెడితే, టేపులో అయితే ఆ చోట సర్రుమనే శబ్దమే ఎక్కువ వినబడేది, ఇక్కడ ఏమీ లేదు. అంత పెద్ద హాలు, అంతమంది జనం, ఆ సన్నటి స్వరం చివరి వరస దాకా నడుచుకుంటూ వచ్చింది. ఆ వెంటనే టింపనీ, అంటే గుండిగల్లాంటి పెద్ద డ్రమ్ములు పడితే బావ కుర్చీలో అదిరిపడ్డాడు. ఇంట్లో వినేటప్పుడు మెల్లగా ఉన్నచోట వాల్యూమ్ పెంచుతాం, గట్టిగా ఉన్నచోట పక్కింటివాళ్లకు భయపడి తగ్గిస్తాం, చివరికి రెండూ ఒకటే ఎత్తుకు వస్తాయి. ఆ రెండింటికీ మధ్య ఎంత దూరముందో ఆ రోజు తెలిసింది. డబుల్ బేస్‌లు చెవికంటే ముందు కుర్చీ చేతుల్లో తగిలాయి.

నా కళ్లు మాత్రం వెనక వరసలో ట్యూబా మీద ఉన్నాయి. మా పెద్ద బూరకు పెద్దన్న అది. ఈ సింఫనీలో ట్యూబాకు రెండో భాగంలో కాసిని స్వరాలే ఉన్నాయి, మిగతా ముప్పావు గంటా ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి. నాకది పుస్తకంలో చదివి తెలుసు. ఆయన మొదటి భాగమంతా కదలకుండా కూర్చుని, రెండో భాగం మొదలయ్యేటప్పుడు ట్యూబా ఎత్తి, ట్రోంబోన్‌లతో కలిసి ఆ కాసిని స్వరాలు ఎంత మెత్తగా ఊదాడంటే అసలు అది ఇత్తడి అని నమ్మలేం. దాని మీదనే ఓబోకు అన్నలాంటి ఇంగ్లిష్ హార్న్ ఆ ప్రసిద్ధమైన వరస ఎత్తుకుంటుంది. చుట్టూ అందరూ దానికోసమే మెడలు చాపారు, నేను ట్యూబా దించి ఒళ్లో పెట్టుకుంటున్న ఆయన్నే చూస్తున్నా.

తాళాలది ఇంకా విచిత్రం. మొత్తం సింఫనీలో తాళాలు మోగేది ఒక్కసారే, చివరి భాగంలో, అదీ గట్టిగా కాదు. ఇది నేను బావకు ముందు చెప్పలేదు. అయినా ఆయన పట్టేశాడు. నలభై ఏళ్లు అడ్డా మీద మనుషుల్ని లెక్కపెట్టిన కళ్లు కదా.

బయటికొచ్చి సముద్రం గోడ మీద కూర్చున్నాక అడిగాడు, "గా తాళాలాయన ఒక్కసారే కొట్టిండు కదా?"

"ఒక్కసారే."

"పెద్ద బూరాయన సుత శానసేపు ఉత్తగనే కూసున్నడు."

"అవును బావా."

"అందరికి ఒక్కటే కూలా?"

ఆర్కెస్ట్రాల్లో జీతాలు స్వరాల లెక్కన ఉండవని, కూర్చున్నంతసేపూ లెక్కపెడుతూ సరిగ్గా ఆ క్షణానికి సిద్ధంగా ఉండటమే వాళ్ల పని అని చెప్పాను. ఆయన కొంచెంసేపు ఆలోచించి, "గట్లయితే మంచిదే. మా దగ్గర ఖాళీగ కూసుంటే హాజరీ కొట్టేస్తరు" అన్నాడు. మరి సంగీతం ఎట్లుందంటే, నడుమ వచ్చిన ఆ సన్నాయి లాంటిది బాగుందని, మిగతాది కొంచెం ఎక్కువైందని అన్నాడు. నేను వాదించలేదు. ఆ తర్వాత ఫోన్ చేసినప్పుడల్లా "ఈసారి ఏం పెట్టిన్రట?" అని ఆయనే అడుగుతున్నాడు.

ఇప్పుడు ఇంట్లో మంచి స్పీకర్లే ఉన్నాయి, ఫోన్లో ప్రపంచంలో ఏ ఆర్కెస్ట్రా కావాలంటే అది ఉంది. 2025 మార్చి 8న లండన్‌లో ఇళయరాజా సింఫనీని రాయల్ ఫిల్హార్మోనిక్ వాళ్లు వాయించిన రోజు ఫోన్ పట్టుకుని ముక్క ముక్కగా వచ్చిన వీడియోలు చూస్తూ కూర్చున్నా. 1993లో అదే ఆర్కెస్ట్రాతో ఆయన ఒక సింఫనీ రికార్డు చేశారని పేపర్లో చదివి ఆ క్యాసెట్ కోసం గడియారం దగ్గర షాపు చుట్టూ తిరిగినవాణ్ణి. అది బయటికి రానే లేదు.

మొన్న మా మేనకోడలి కొడుకు పెళ్లిలో బరాత్‌కు డీజే వద్దు, బ్యాండు పెట్టండి అని పట్టుబట్టా. పిల్లలు ముఖాలు మాడ్చుకున్నారు. చివరికి గుడి దాకా బ్యాండు, అక్కడి నుంచి డీజే అని ఒప్పందం. బ్యాండు వచ్చింది, ట్రంపెట్లు, సాక్సాఫోన్ ఉన్నాయి, పెద్ద బూర లేదు, దాని బదులు తోపుడు బండి మీద కీబోర్డు, జనరేటర్. పిల్లవాడు ట్రంపెట్ బాగా ఊదాడు. గుడి దగ్గర డీజే ఎత్తుకుంది. మనిషెత్తు బాక్సులు, దుకాణాల షట్టర్లు గడగడలాడుతున్నాయి, పెద్దవాళ్లందరూ చెవులు మూసుకుని దూరం జరిగారు. నేను కూడా నాలుగు మాటలు తిట్టి, ఊరికే ఎట్లుందో చూద్దామని ఆ పెద్ద బాక్సు పక్కకు పోయి నిలబడ్డా. బేస్ మాత్రం బ్రహ్మాండంగా ఉంది. ఎంతసేపు నిలబడ్డానో గానీ మా ఆవిడ వెతుక్కుంటూ వచ్చి, నా తల ఊగడం చూసి, "అయితే గిది గూడ నచ్చిందా మీకు?" అని అరిచింది. వినబడనట్టు ఊరుకున్నా.